గోడ మీద స్లైడ్, మీ ముందు నోట్స్: రెండో తెరతో ప్రజెంటేషన్ తడబడకుండా నడిపే పద్ధతి

ల్యాప్‌టాప్‌కి ప్రొజెక్టర్ కేబుల్ పెట్టగానే వక్త డెస్క్‌టాప్ మొత్తం గోడ మీద పడుతుంది. ఫైల్ కోసం వెతుకులాట, ఫోల్డర్ల పేర్లు, మధ్యలో మెరిసే వాట్సాప్ సందేశం అన్నీ హాలంతా చూస్తుంది. ఎలాగో స్లైడ్లు మొదలయ్యాక వక్త కూడా శ్రోతలతో పాటు గోడ వైపు తిరిగి, అక్కడున్నది చదవడం మొదలుపెడతారు. తరవాతి స్లైడ్‌లో ఏముందో గుర్తులేక ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ నొక్కుతారు. ఈ ఇబ్బందులన్నిటికీ మూలం ఒకటే: రెండు తెరల మీదా ఒకే బొమ్మ ఉండటం.

గోడ మీద స్లైడ్ ఒక్కటే ఉండాలి. మీ ల్యాప్‌టాప్ మీద ఇప్పటి స్లైడ్, దాని పక్కన రాబోయే స్లైడ్, మీరు రాసుకున్న నోట్స్, ఎంతసేపు అయిందో చెప్పే గడియారం ఉండాలి. పవర్‌పాయింట్‌లో దీని పేరు ప్రెజెంటర్ వ్యూ. లిబ్రేఆఫీస్‌లో ప్రెజెంటర్ కన్సోల్. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు, ఇప్పుడున్న ల్యాప్‌టాప్, హాల్లో ఉన్న ప్రొజెక్టర్ చాలు. కాకపోతే దీన్ని జనం కూర్చోకముందే అమర్చుకోవాలి. మైకు చేతికిచ్చాక సెట్టింగులు వెతకడం ఎవరివల్లా కాదు.

ముందురోజు: హాలు వాళ్లని అడగాల్సినవి

నాలుగు ప్రశ్నలు అడగండి. ప్రొజెక్టరా, టీవీనా, టచ్ ప్యానెలా? కేబుల్ హెచ్‌డీఎంఐనా, వీజీఏనా? పోడియం దగ్గరికి కేబుల్ వస్తుందా, లేక ల్యాప్‌టాప్ హాలు వెనక ఆపరేటర్ దగ్గర పెట్టాలా? స్లైడ్లలో వీడియో ఉంటే సౌండ్ ఎలా వెళ్తుంది?

పాత కాలేజీ సెమినార్ హాళ్లలో గోడలోంచి వచ్చేది ఇప్పటికీ నీలం రంగు తల ఉన్న 15 పిన్నుల వీజీఏ కేబులే కావచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ రంధ్రం ఉండదు కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కావాలి. కొనేటప్పుడు దిశ చూసుకోండి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ మీ పనికి రాదు. హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్. అందుకే కన్వర్టర్ లోపల చిప్ ఉంటుంది, దానికి కరెంటు కావాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ కరెంటు చాలినంత ఇవ్వవు, అప్పుడు బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది. పక్కన చిన్న యూఎస్‌బీ పవర్ రంధ్రం, 3.5 మిల్లీమీటర్ల సౌండ్ రంధ్రం ఉన్న కన్వర్టర్ తీసుకుంటే కరెంటు, సౌండ్ సమస్యలు రెండూ తీరతాయి. వీజీఏ కేబుల్‌లో బొమ్మ మాత్రమే వెళ్తుంది, సౌండ్ వెళ్లదు.

ల్యాప్‌టాప్‌కి టైప్-సి పోర్టులు మాత్రమే ఉంటే ఇంకో జాగ్రత్త. అన్ని టైప్-సి పోర్టుల్లోంచీ వీడియో రాదు. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉందేమో చూడండి. గుర్తు లేకపోతే ల్యాప్‌టాప్ మోడల్ వివరాల్లో వెతకండి. ఇది సభ రోజు తేలే విషయం కాకూడదు.

కేబుల్ పొడవు కూడా పట్టించుకోవాలి. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ 5 మీటర్ల దాకా ఏ గొడవా చేయదు. నాణ్యమైనదైతే ఫుల్ హెచ్‌డీ బొమ్మ 10 మీటర్ల దాకా మోస్తుంది. 15 మీటర్లు దాటితే లోపల చిప్ ఉన్న యాక్టివ్ కేబులో, ఆప్టికల్ ఫైబర్ కేబులో కావాలి. ఈ రెండు రకాలకీ ముందూ వెనకా ఉంటాయి: సోర్స్ అని రాసిన కొస ల్యాప్‌టాప్‌కి, డిస్‌ప్లే అని రాసిన కొస ప్రొజెక్టర్‌కి. తిరగేసి పెడితే ఏమీ కనిపించదు, కేబుల్ పాడైందని పొరబడతారు.

ఇంట్లో తయారీ: స్లైడ్ కొలత, అక్షరాలు

పవర్‌పాయింట్ 2013 నుంచి కొత్త ఫైల్ 16:9 కొలతలో తెరుచుకుంటుంది, అంటే 13.33 × 7.5 అంగుళాలు. టీవీలకీ, ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్లకీ ఇది సరిపోతుంది. పాత ప్రొజెక్టర్లలో చాలా వాటి సహజ కొలత మాత్రం 1024 × 768, అంటే 4:3. దాని మీద 16:9 స్లైడ్ వేస్తే 1024 × 576 మేరే వెలుగుతుంది, తెరలో నాలుగో వంతు నల్లగా మిగిలిపోతుంది. వెనక వరసల వాళ్లకి అక్షరాలు చిన్నవవుతాయి. హాల్లో 4:3 ప్రొజెక్టర్ ఉందని తెలిస్తే డిజైన్ ట్యాబ్‌లో స్లైడ్ సైజ్ మార్చి, ప్రతి స్లైడూ ఒకసారి సర్దండి. ఈ పని ఇంట్లో కూర్చుని చేయాలి. హాల్లో మార్చబోతే బొమ్మలు సాగిపోతాయి, పెట్టెలు జరిగిపోతాయి.

తెలుగు స్లైడ్లకి ఫాంటే పెద్ద ప్రమాదం. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర పద్ధతి) కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ వస్తాయి. మీ సొంత ల్యాప్‌టాపే వాడతామనుకున్నా, చివరి నిమిషంలో "ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, మా సిస్టమ్‌లో వేస్తాం" అనే మాట వస్తూనే ఉంటుంది. అందుకని యూనికోడ్‌లోనే టైప్ చేయండి. నిర్మలా యూఐ విండోస్‌తో వచ్చేదే. మండలి, రామభద్ర, సురన్న లాంటి ఉచిత ఫాంట్లు వాడితే ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో సేవ్, అందులో "ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్" టిక్ పెట్టి, కిందున్న రెండింటిలో అన్ని అక్షరాలనీ కలిపే ఎంపిక తీసుకోండి. దాంతో పాటు అదే ఫైల్‌ని పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. ఏదీ పనిచేయని రోజు పీడీఎఫ్ గట్టెక్కిస్తుంది.

అక్షరాల సైజు విషయంలో తెలుగుకి ఇంగ్లిష్ లెక్క సరిపోదు. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. 28 పాయింట్ల కంటే తగ్గకండి, వరసల మధ్య ఎడం 1.1 నుంచి 1.2 పెట్టండి. లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుకుని చదవడం కష్టమవుతుంది.

నోట్స్ ఎలా రాసుకోవాలి

రెండో తెర వల్ల అసలు లాభం ఇక్కడే ఉంది, ఎక్కువమంది పాడుచేసుకునేదీ ఇక్కడే. స్లైడ్ కింద నోట్స్ పెట్టెలో ఉపన్యాసం మొత్తం వాక్యాలుగా రాసుకుంటే, సభలో మీ కళ్లు ల్యాప్‌టాప్‌కే అతుక్కుపోతాయి. గోడ చూసి చదివే బదులు ల్యాప్‌టాప్ చూసి చదువుతున్నట్టు అవుతుంది, అంతే తేడా.

స్లైడ్‌కి నాలుగైదు వరసలు చాలు. మొదటి వరసలో ఈ స్లైడ్‌తో చెప్పాల్సిన ఒకే ఒక్క మాట. తరవాత నోటికి రాని అంకెలు, తేదీలు, మనుషుల పేర్లు. చివరి వరసలో తరవాతి స్లైడ్‌కి అందుకునే మాట, ఉదాహరణకి "ఖర్చు ఇంత అయింది కదా, ఆ డబ్బు ఎక్కడికి పోయిందో చూద్దాం". ఈ చివరి వరసని వదలకండి. రాబోయే స్లైడ్ పక్కనే కనిపిస్తుంటుంది, దానికి వేసే వంతెన మాట నోట్స్‌లో ఉంటుంది. అప్పుడు స్లైడ్ మారకముందే మీ మాట అక్కడికి చేరుకుంటుంది. వినేవాళ్లకి ప్రసంగం సాఫీగా అనిపించేది సరిగ్గా అందుకే.

కొన్ని స్లైడ్ల నోట్స్‌లో మొదట సమయం రాసుకోండి: "ఇక్కడికి 12 నిమిషాలు", "ఇక్కడికి 20". అరగంట ప్రసంగానికి అలాంటి గుర్తులు మూడు చాలు. పైనున్న గడియారంతో పోల్చుకుంటే ఎక్కడ తగ్గించాలో తెలిసిపోతుంది. వదిలేయగలిగిన స్లైడ్ల నోట్స్‌లో "సమయం లేకపోతే దాటేయ్" అని ముందే రాసి ఉంచుకుంటే అప్పటికప్పుడు ఆలోచించే పని తప్పుతుంది.

హాల్లో అమర్చడం: విండోస్, పవర్‌పాయింట్

జనం రావడానికి అరగంట ముందు, ఈ వరసలోనే చేయండి.

1. ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టండి. ప్రొజెక్టర్ ఆన్ చేసి, దీపం పూర్తిగా వెలిగాక కేబుల్ కలపండి. బొమ్మ రాకపోతే ముందు ప్రొజెక్టర్ రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి సరైన ఇన్‌పుట్ ఎంచుకోండి. "సిగ్నల్ లేదు" అన్న సందేశం వచ్చినప్పుడు చాలాసార్లు తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, ప్రొజెక్టర్ వేరే ఇన్‌పుట్ వైపు చూస్తుంటుంది.

2. విండోస్ మీట, పి కలిపి నొక్కండి. నాలుగు ఎంపికలు వస్తాయి: పీసీ స్క్రీన్ ఓన్లీ, డూప్లికేట్, ఎక్స్‌టెండ్, సెకండ్ స్క్రీన్ ఓన్లీ. మూడోది, ఎక్స్‌టెండ్, అంటే రెండు తెరల మీదా వేర్వేరు బొమ్మలు ఉంచేది, తీసుకోండి. గోడ మీద ఐకాన్లు ఏమీ లేని వాల్‌పేపర్ కనిపిస్తే పని జరిగినట్టే.

3. డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. ఐడెంటిఫై నొక్కితే రెండు తెరల మీదా పెద్ద అంకెలు వస్తాయి. ల్యాప్‌టాప్ అంకెని ఎంచుకుని అదే ప్రధాన తెర అయ్యేలా టిక్ పెట్టండి. పైనున్న రెండు పెట్టెల్లో ప్రొజెక్టర్ పెట్టెని, గోడ మీకు ఎటువైపు ఉందో అటు లాగండి. గోడ మీ ఎడమ పక్కన ఉండి, సెట్టింగ్‌లో కుడివైపు ఉంటే మౌస్ బాణం ఎప్పుడూ మీరు అనుకోని వైపుకి జారిపోతుంది.

4. ప్రొజెక్టర్ పెట్టెని ఎంచుకుని రిజల్యూషన్ చూడండి. రికమెండెడ్ అని ఉన్నదే మామూలుగా సరైనది. ఏ తెరకైనా తన కొలతలేమిటో ల్యాప్‌టాప్‌కి చెప్పే చిన్న సమాచారం ఉంటుంది. మధ్యలో చవక కన్వర్టరో, స్ప్లిట్టరో (ఒకే బొమ్మని రెండు తెరలకి పంచే పెట్టె) ఉంటే ఆ సమాచారం ఒక్కోసారి చేరదు. అప్పుడు విండోస్ ఊహించి ఏదో ఒకటి పెడుతుంది, అక్షరాలు మసగ్గా కనిపిస్తాయి. ప్రొజెక్టర్ మీద రాసి ఉన్న సహజ కొలత చూసి మీరే పెట్టండి: 1024 × 768, 1280 × 800, 1920 × 1080 ఎక్కువగా కనిపించేవి.

5. పవర్‌పాయింట్‌లో ఫైల్ తెరిచి స్లైడ్ షో ట్యాబ్‌కి వెళ్లండి. "యూజ్ ప్రెజెంటర్ వ్యూ" టిక్ పెట్టండి. మానిటర్ దగ్గర ఆటోమేటిక్ ఉంచవచ్చు, కానీ మూడు తెరలున్న చోట ప్రొజెక్టర్‌నే పేరు చూసి ఎంచుకోండి.

6. ఎఫ్5 నొక్కండి. స్లైడ్ గోడ మీదికి, నోట్స్ మీ ముందుకి రావాలి. తారుమారైతే ఖంగారు పడకండి, పైన డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో "స్వాప్ ప్రెజెంటర్ వ్యూ అండ్ స్లైడ్ షో" ఉంటుంది, ఒక్క నొక్కు చాలు.

7. నోట్స్ కింద అక్షరం పెద్దది చేసే గుర్తు ఉంటుంది. నిలబడి, రెండడుగులు వెనక్కి జరిగి, అక్కణ్నుంచి చదవగలిగేంత పెద్దది చేయండి. కూర్చుని చూసినప్పుడు సరిపోయిన సైజు నిలబడితే సరిపోదు.

తరవాత స్లైడ్లన్నీ ఒకసారి గబగబా నడిపి, హాలు చివరి వరసలో నిలబడి రెండు మూడు స్లైడ్లు చూసి రండి. పసుపు, లేత ఆకుపచ్చ అక్షరాలు వెలుతురున్న హాల్లో మాయమైపోతాయి. అది ల్యాప్‌టాప్ మీద ఎప్పటికీ తెలియదు.

ఇంట్లో రెండో తెర లేకపోయినా ఇదంతా సాధన చేసుకోవచ్చు. పవర్‌పాయింట్ 2013 నుంచి ఆల్ట్, ఎఫ్5 కలిపి నొక్కితే ఒక్క తెర మీద కూడా ప్రెజెంటర్ వ్యూ వస్తుంది. బటన్లు ఎక్కడున్నాయో చేతికి అలవాటవడానికి రెండుసార్లు నడిపితే చాలు.

గోడ మీద కనిపించకూడనివి

ఎక్స్‌టెండ్ పెట్టాక కూడా చిన్న చిన్నవి తొంగిచూస్తాయి. టాస్క్‌బార్ సెట్టింగుల్లో అన్ని తెరల మీదా టాస్క్‌బార్ చూపించే టిక్ తీసేయండి. మీ మొదటి స్లైడ్‌ని బొమ్మగా సేవ్ చేసి, వాల్‌పేపర్ సెట్టింగుల్లో ఆ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి రెండో మానిటర్‌కి మాత్రమే పెట్టండి. ప్రదర్శన మొదలవకముందూ, ముగిశాకా గోడ మీద సభ పేరే ఉంటుంది. నలుగురైదుగురు వక్తలున్న సభల్లో ఇది చాలా మంచి ఏర్పాటు. తరవాతి వక్త ఫైల్ మీ తెర మీద వెతికి తెరుస్తుంటే శ్రోతలకి అదేమీ కనిపించదు.

నోటిఫికేషన్ల విషయంలో ఒక మెలిక ఉంది. విండోస్ 11లో "డూ నాట్ డిస్టర్బ్" తనంతట తాను మొదలయ్యే సందర్భాల్లో ఒకటి తెరని డూప్లికేట్ చేసినప్పుడు. మనం వాడేది ఎక్స్‌టెండ్ కాబట్టి ఆ నియమం మీద ఆధారపడకండి, చేత్తోనే ఆన్ చేయండి. వాట్సాప్, మెయిల్, బ్రౌజర్ పూర్తిగా మూసేస్తే ఇంకా నిశ్చింత.

చివరి స్లైడ్ దాటి ఒకసారి ఎక్కువ నొక్కినా ఎడిటింగ్ కిటికీ బయటపడకుండా ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో "ఎండ్ విత్ బ్లాక్ స్లైడ్" టిక్ ఉందో లేదో చూసుకోండి.

మాట్లాడేటప్పుడు చేతికి ఉండాల్సిన మీటలు

ఎక్కువ మీటలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బి నొక్కితే గోడ నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే స్లైడ్ తిరిగొస్తుంది. శ్రోతలు స్లైడ్ వదిలి మిమ్మల్నే చూడాలనుకున్న చోట, ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడు, ఇది బాగా పనికొస్తుంది. స్లైడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది. ప్రెజెంటర్ వ్యూలో స్లైడ్లన్నీ చూపించే బటన్ నొక్కితే ఆ వరస మీ తెర మీద మాత్రమే కనిపిస్తుంది, గోడ మీద పాత స్లైడే ఉంటుంది. అందుకే అదనపు పట్టికలు, వివరాల స్లైడ్లు "ధన్యవాదాలు" తరవాత పెట్టుకోండి. ప్రశ్న రాగానే వెతికి తీయవచ్చు, ఆ వెతుకులాట ఎవరికీ కనిపించదు.

చేతి లేజర్ చుక్క ప్రొజెక్టర్ తెర మీద బాగానే పడుతుంది. టీవీ మీద, ఎల్ఈడీ గోడ మీద సరిగా కనిపించదు, ఆన్‌లైన్‌లో చూసేవాళ్లకి అసలే కనిపించదు. అలాంటి చోట ప్రెజెంటర్ వ్యూలో ఉన్న లేజర్ గుర్తు తీసుకుని మీ తెర మీది స్లైడ్‌పై మౌస్ కదపండి, ఎర్రచుక్క అందరికీ కనిపిస్తుంది. అక్కడే ఉన్న భూతద్దం గుర్తు పట్టికలో ఒక మూలని పెద్దది చేసి చూపిస్తుంది.

క్లిక్కర్ (చేతిలో పట్టుకుని స్లైడ్లు మార్చే చిన్న రిమోట్) పనిచేయడం మానేస్తే బ్యాటరీని అనుమానించే ముందు ఒకటి చూడండి. క్లిక్కర్ పంపేది మామూలు కీబోర్డు మీటనే, ఎక్కువ వాటిలో పేజ్ డౌన్, పేజ్ అప్. ఆ మీట ఏ కిటికీ ముందుంటే దానికే వెళ్తుంది. మీరు మధ్యలో బ్రౌజర్ మీద క్లిక్ చేసి ఉంటే, క్లిక్కర్ బ్రౌజర్‌ని కిందికి జరుపుతూ ఉంటుంది, స్లైడ్ కదలదు. ప్రెజెంటర్ వ్యూలో స్లైడ్ మీద ఒకసారి క్లిక్ చేయండి, సరిపోతుంది. ల్యాప్‌టాప్ ఇనుప పోడియం లోపల ఉంటే క్లిక్కర్ రిసీవర్‌ని చిన్న యూఎస్‌బీ పొడిగింపు కేబుల్‌తో బయటికి తీయండి. ఇనుము ఆ రేడియో సంకేతాన్ని అడ్డుకుంటుంది.

వెబ్‌సైటో, సాఫ్ట్‌వేరో ప్రత్యక్షంగా చూపించాల్సి వస్తే ఎక్స్‌టెండ్ కొంచెం ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే మీరు చేసేది మీకు కనిపించదు, గోడ చూస్తూ మౌస్ కదపాలి. రెండు నిమిషాల లోపైతే విండోస్, షిఫ్ట్, బాణం మీటలు కలిపి నొక్కి ఆ కిటికీని గోడ మీదికి పంపండి. అంతకంటే ఎక్కువైతే స్లైడ్ షో ఆపి, విండోస్, పి నొక్కి డూప్లికేట్‌కి మారి చూపించండి. తిరిగి ఎక్స్‌టెండ్‌కి వచ్చి, స్లైడ్ షో ఎక్కడ ఆపారో అక్కణ్నుంచే షిఫ్ట్, ఎఫ్5తో మొదలుపెట్టండి. నెట్ నమ్మకం లేని హాల్లో ప్రత్యక్ష ప్రదర్శన పెట్టుకోకుండా ముందే రికార్డు చేసి స్లైడ్‌లో వీడియోగా పెట్టడమే మేలు.

పవర్‌పాయింట్ కాకపోతే

లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో రెండు తెరలు విస్తరించి ఉంటే ఎఫ్5 నొక్కగానే ప్రెజెంటర్ కన్సోల్ తనే వస్తుంది. తారుమారైతే కన్సోల్‌లోని ఎక్స్‌ఛేంజ్ బటన్ నొక్కాలి. ఉబుంటులో ఎక్స్‌టెండ్ అన్న మాట కనిపించదు, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరిచి "జాయిన్ డిస్‌ప్లేస్" ఎంచుకోవాలి.

మ్యాక్‌లో కమాండ్, ఎఫ్1 నొక్కితే ఒకే బొమ్మకీ విస్తరణకీ మధ్య మారుతుంది. కీనోట్ నడుస్తుండగా ఎక్స్ అక్షరం నొక్కితే రెండు తెరలూ తారుమారవుతాయి. మ్యాక్ పవర్‌పాయింట్‌లో ఆప్షన్, రిటర్న్ కలిపి నొక్కితే ప్రెజెంటర్ వ్యూ.

గూగుల్ స్లైడ్స్ పద్ధతి కొంచెం వేరు. అక్కడ రెండూ బ్రౌజర్ కిటికీలే. ముందు బ్రౌజర్ కిటికీని గోడ తెర మీదికి లాగండి, తరవాత స్లైడ్‌షో బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కి ప్రెజెంటర్ వ్యూ తీసుకోండి. నోట్స్ కిటికీ విడిగా తెరుచుకుంటుంది, దాన్ని ల్యాప్‌టాప్ మీదికి లాక్కోండి. ఆ కిటికీ రాకపోతే బ్రౌజర్ పాప్-అప్‌లని అడ్డుకుంటోందని అర్థం, అనుమతి ఇవ్వండి.

టచ్ ప్యానెల్ ఉన్న తరగతి గదిలో

బడుల్లో, కోచింగ్ సెంటర్లలో ఇప్పుడు ప్రొజెక్టర్ బదులు పెద్ద టచ్ ప్యానెళ్లు వస్తున్నాయి. వాటికి ల్యాప్‌టాప్ కలపాలంటే రెండు తీగలు కావాలి: బొమ్మకి హెచ్‌డీఎంఐ, వేలితో తాకింది ల్యాప్‌టాప్‌కి చెప్పడానికి యూఎస్‌బీ. ఎక్స్‌టెండ్ పెట్టగానే వచ్చే వింత ఏమిటంటే, ప్యానెల్ మీద తాకితే ల్యాప్‌టాప్ తెర మీద క్లిక్ అవుతుంది. టచ్ ఏ తెరదో విండోస్‌కి తెలియకపోవడమే కారణం. కంట్రోల్ ప్యానెల్‌లో "టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్" తెరిచి, సెటప్ నొక్కి, టచ్ ఎంచుకోండి. ఒక తెర మీద సూచన వస్తుంది. అది ల్యాప్‌టాప్ మీద వస్తే ఎంటర్ నొక్కి దాటేయండి, ప్యానెల్ మీద వచ్చినప్పుడు వేలితో తాకండి. ఆ తరవాత టచ్ సరైన తెరకే వెళ్తుంది.

ఈ ప్యానెళ్లలో చాలావాటి కొలత 3840 × 2160. దూరపు హెచ్‌డీఎంఐ కేబుల్ మీద అంత పెద్ద బొమ్మ వెళ్లేటప్పుడు చుక్కలు మెరవడం, క్షణం పాటు తెర నల్లబడటం జరుగుతుంది. 1920 × 1080కి తగ్గిస్తే కేబుల్ మీద భారం బాగా తగ్గుతుంది. స్లైడ్లకి ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు.

హాల్లో కొందరు, జూమ్‌లో కొందరు

విదేశాల్లోని తెలుగు సంఘాల కార్యక్రమాల్లో, ఇక్కడి సదస్సుల్లో ఇది మామూలైంది. తప్పు జరిగే చోటు ఒకటే: జూమ్‌లో షేర్ నొక్కి ల్యాప్‌టాప్ తెరని ఎంచుకుంటారు, దాంతో ఆన్‌లైన్ వాళ్లకి మీ నోట్స్ కనిపిస్తాయి. గోడ తెరని, అంటే రెండో స్క్రీన్‌ని, షేర్ చేయండి. అప్పుడు హాల్లో చూసేది, ఇంట్లో చూసేది ఒకటే అవుతుంది. జూమ్ సెట్టింగుల్లో "యూజ్ డ్యూయల్ మానిటర్స్" ఆఫ్‌లో ఉంచండి, లేకపోతే జూమ్ తన రెండో కిటికీని గోడ మీద పరుస్తుంది. తేలే బటన్ల పట్టీ అడ్డొస్తే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, హెచ్ నొక్కి దాచవచ్చు.

మీ ఇంట్లో ఒక్క తెరే ఉండి జూమ్‌లో మాట్లాడాల్సి వస్తే, సెటప్ స్లైడ్ షోలో "బ్రౌజ్డ్ బై యాన్ ఇండివిడ్యువల్" ఎంచుకోండి. స్లైడ్ షో తెరంతా పరుచుకోకుండా మామూలు కిటికీలో నడుస్తుంది. ఆ కిటికీని మాత్రమే షేర్ చేసి, నోట్స్ పక్కన వేరే ఫైల్‌లో పెట్టుకోవచ్చు.

అనుకోనివి జరిగితే

గోడ తెరని ల్యాప్‌టాప్ గుర్తించనే లేదు: కేబుల్ రెండు కొసలూ తీసి మళ్లీ పెట్టండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద డిటెక్ట్ నొక్కండి. అప్పటికీ రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒక్క క్షణం ఆరి వెలుగుతుంది, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లకి ఏమీ కాదు.

వీడియో బొమ్మ వస్తోంది, మాట రావట్లేదు: హెచ్‌డీఎంఐ పెట్టగానే విండోస్ సౌండ్‌ని ప్రొజెక్టర్‌కి పంపేస్తుంది. ప్రొజెక్టర్‌లో చిన్న స్పీకర్ ఉంటే సన్నగా వినిపిస్తుంది, లేకపోతే అదీ ఉండదు. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి అవుట్‌పుట్‌ని ల్యాప్‌టాప్‌కి మార్చి, 3.5 మిల్లీమీటర్ల తీగతో హాలు మిక్సర్‌కి ఇవ్వండి.

ఓటీటీ యాప్‌లోని దృశ్యం వేస్తే గోడ మీద నల్లగా ఉంది: అది కాపీ రక్షణ. మధ్యలో వీజీఏ కన్వర్టర్ ఉంటే ఆ రక్షణ ఉన్న వీడియో బయటికి రాదు. ఎంత కుస్తీ పట్టినా ఉపయోగం లేదు, ఆ భాగం వదిలేసి ముందుకు సాగండి.

కరెంటు పోయింది: ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, మీ నోట్స్ మీ ముందే ఉంటాయి కాబట్టి మాట ఆపాల్సిన పనిలేదు. దీపం ఉన్న పాత ప్రొజెక్టర్ మాత్రం చల్లబడే దాకా మళ్లీ వెలగకపోవచ్చు, కొన్ని నిమిషాలు పడుతుంది. వెలిగాక ఒకసారి విండోస్, పి నొక్కి ఎక్స్‌టెండ్‌లోనే ఉందో లేదో చూసి, స్లైడ్ షో ఆగిపోయి ఉంటే షిఫ్ట్, ఎఫ్5తో ఉన్న స్లైడ్ నుంచే అందుకోండి. వీలైతే ప్రొజెక్టర్‌ని కూడా యూపీఎస్ మీద పెట్టించండి.

ల్యాప్‌టాప్ హాలు వెనక, మీరు వేదిక మీద ఉండాల్సి వస్తే నోట్స్ మీకు కనిపించవు. వేదిక అంచున మీ వైపు తిప్పి చిన్న టీవీ పెట్టించమని అడగండి. ప్రొజెక్టర్‌కి వెళ్లే తీగకి స్ప్లిట్టర్ వేస్తే అందులో గోడ మీది స్లైడే వస్తుంది, నోట్స్ రావు. నోట్స్ కావాలంటే ల్యాప్‌టాప్‌కి రెండు వీడియో పోర్టులు ఉండాలి. ఒకటి ప్రొజెక్టర్‌కి, రెండోది ఆ టీవీకి ఇచ్చి, టీవీని ల్యాప్‌టాప్ తెరతో డూప్లికేట్ చేసి, ప్రొజెక్టర్‌ని ఎక్స్‌టెండ్‌లో ఉంచాలి. అది కుదరని చోట నోట్స్ పేజీలు కాగితం మీద ప్రింట్ తీసుకుని చేతిలో పట్టుకోండి. ప్రింట్ మెనూలో ఫుల్ పేజ్ స్లైడ్స్ బదులు నోట్స్ పేజెస్ ఎంచుకుంటే పైన స్లైడ్, కింద నోట్స్ వస్తాయి.

ముగించేటప్పుడు ఎస్కేప్ నొక్కి స్లైడ్ షో ఆపితే గోడ మీద మీరు పెట్టిన వాల్‌పేపరే కనిపిస్తుంది. ప్రొజెక్టర్‌ని రిమోట్‌తో ఆఫ్ చేయండి. దీపం ఉన్న ప్రొజెక్టర్ అయితే లోపల ఫ్యాన్ తిరగడం ఆగేదాకా గోడ దగ్గరి స్విచ్ తీయకుండా ఉండమని హాలు వాళ్లకి చెప్పండి.